పాత ఫోన్లకి కొత్త ఫీచర్లు ఇవ్వాలా, సెక్యూరిటీ ప్యాచ్‌లతో సరిపెట్టాలా?

మైపాడుగేటు_నెల్లూరు (ప్రశ్న)

ఫోన్ 2019 మోడల్. ఆండ్రాయిడ్ 9తో వచ్చింది, 11 కాడ ఆగిపోయింది. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, అందులో 5 జీబీ ఖాళీ. సెక్యూరిటీ ప్యాచ్ (లోపాలు పూడ్చే చిన్న అప్‌డేట్) 2022 మీదే నిలబడిపోయుంది. వాట్సాప్, యూపీఐ, యూట్యూబ్ అన్నీ నడస్తన్నాయి. స్క్రీన్ మీద గీత కూడా లేదు.

దీని గురించి రెండు మాటలు వినబడతా ఉంటాయి. కొత్తది కొనిపించడానికే కంపెనీలు పాతవాటికి ఫీచర్లు ఆపేస్తాయని ఒకటి. పాత ఫోన్‌కి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే ఉన్నది కూడా చెడిపోద్ది, ఇవ్వకపోవడమే మంచిదని ఇంకోటి. రెండూ ఒకేసారి ఎట్టా నిజమవుతాయి? అసలు అడ్డం ఎక్కడ వస్తది, చిప్‌లోనా, ర్యామ్‌లోనా, కంపెనీ మనసులోనా? ఈ ఫోన్‌ని ఇంకో రెండేళ్లు లాగాలంటే ఏం చెయ్యాలో కూడా తెలిసినోళ్లు చెప్పండి.

ట్రంకురోడ్_బెంచి

రెండూ నిజమే అన్నా, కాకపోతే వేర్వేరు ఫోన్ల విషయంలో.

సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్, అందులో ఆండ్రాయిడ్ వెర్షన్ నొక్కి చూడు. మూడు లైన్లు కనబడతాయి: ఆండ్రాయిడ్ వెర్షన్, సెక్యూరిటీ ప్యాచ్ తేదీ, గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్ తేదీ. ఈ మూడూ ఒకే దారిన రావు. వెర్షన్ మారాలంటే గూగుల్ కోడ్ ఇచ్చినాక చిప్ కంపెనీ దానికి తగ్గ డ్రైవర్లు (చిప్‌ని నడిపే కోడ్) ఇవ్వాల, ఆనక ఫోన్ కంపెనీ కెమెరా, మోడెమ్ (నెట్‌వర్క్ పట్టే భాగం), వేలిముద్ర అన్నీ పరీక్షించి వదలాల. నడిమధ్యలో చిప్ కంపెనీ చేతులెత్తేస్తే ఫోన్ కంపెనీకి మనసున్నా పని జరగదు. ఈ ముడి విప్పడానికే 2017లో ఆండ్రాయిడ్ 8తో ప్రాజెక్ట్ ట్రెబుల్ తెచ్చారు, చిప్‌కి సంబంధించిన భాగాన్ని మిగతా సిస్టమ్ నుంచి విడదీశారు. 2019లో ఆండ్రాయిడ్ 10 నుంచి కొన్ని భాగాల్ని గూగుల్ నేరుగా ప్లే ద్వారా పంపుతోంది. ఆ మూడో లైను అదే. నీ ఫోన్‌లో రెండో లైను తేదీ 2022లో ఆగినా మూడో లైనుది ముందుకి పోయి ఉండొచ్చు. దాని మీద నొక్కితే కొత్తది ఉంటే దిగుతది. ఫోన్ రీస్టార్ట్ చేస్తేనే అది పట్టుకునేది, అందుకే చాలామందికి దిగి కూడా పనిచెయ్యకుండా కూర్చోని ఉంటది.

ఇక చెడిపోవడం సంగతి. తక్కువ ధర పాత ఫోన్లలో ఎక్కువ భాగం ఈఎంఎంసీ అనే నెమ్మది రకం స్టోరేజే, వేగంగా ఉండే యూఎఫ్ఎస్ కాదు. అది నిండేకొద్దీ రాసే వేగం పడిపోద్ది, ఎందుకంటే ఖాళీ బ్లాకులు దొరక్క పాతవి చెరిపి సర్దుకుంటా ఉంటది. 64లో 5 జీబీ ఖాళీ అంటే మరీ ఇరుకు. దాని మీద పెద్ద వెర్షన్ ఎక్కిస్తే టైప్ చేసిన అక్షరం అర సెకనుకి పడతది, జనం అప్‌డేట్‌ని తిడతారు. 4 జీబీ ర్యామ్‌లో సిస్టమ్ పెరిగేకొద్దీ వెనకాల యాప్‌లు నిలబడవు. వాట్సాప్ నుంచి యూపీఐకి పోయి వెనక్కొస్తే మళ్లీ మొదట్నుంచి తెరుచుకుంటది.

మూడోది బ్యాటరీ. బ్యాటరీ సెల్ పాతబడితే లోపల రెసిస్టెన్స్ (కరెంటుకి అడ్డం) పెరుగుద్ది. ప్రాసెసర్ ఒక్కసారిగా కరెంటు లాగినప్పుడు వోల్టేజ్ కుంగి, 25 శాతం చూపిస్తానే ఫోన్ ఆగిపోద్ది. ఆపిల్ 2017 జనవరిలో ఐఓఎస్ 10.2.1తో చేసింది దీనికి మందే, ప్రాసెసర్‌ని నెమ్మది చేసింది. కానీ చెప్పలేదు. డిసెంబర్‌లో బయటపడినాక ఒప్పుకుని, 2018 అంతా బ్యాటరీ మార్పు 29 డాలర్లకే ఇవ్వాల్సొచ్చింది. మందు సరైందే, గుట్టుగా పోయడమే తప్పు.

ఒంగోలు_కెర్నల్

బెంచి గారు చెప్పిన సాంకేతిక అడ్డంకులన్నీ నిజం. అయితే "హార్డ్‌వేర్ సరిపోదు" అని కంపెనీ చెప్పిన ప్రతిసారీ నమ్మాల్సిన పని లేదు.

2022లో ఐప్యాడ్ స్టేజ్ మేనేజర్ (ఒకేసారి పలు యాప్ కిటికీలు తెరిచే సౌకర్యం) ఎం1 చిప్ ఉన్నవాటికే అని ఆపిల్ అంది. గోల జరిగాక 2018, 2020 ఐప్యాడ్ ప్రోలకు కూడా ఇచ్చారు, బయటి మానిటర్ వాడే సౌకర్యం తప్ప. గూగుల్ 2024 మార్చిలో పిక్సెల్ 8కి జెమిని నానో (ఫోన్‌లోనే నడిచే ఏఐ మోడల్) రాదు, హార్డ్‌వేర్ పరిమితి అంది. అదే ఏడాది జూన్‌లో డెవలపర్ ఆప్షన్లలో ఇచ్చింది. మూడు నెలల్లో ర్యామ్ పెరగలేదు కదా! ఇంకోవైపు ఆపిల్ ఇంటెలిజెన్స్‌కు (ఆపిల్ ఏఐ ఫీచర్లు) 8 జీబీ ర్యామ్ ఉన్న ఐఫోన్ 15 ప్రో నుంచే గీత గీశారు, 6 జీబీ ఉన్న మామూలు 15కు ఇవ్వలేదు. భాషా మోడల్ ర్యామ్‌లోనే కూర్చోవాలి కాబట్టి అక్కడ కారణం కనిపిస్తోంది. ప్రతి ఫీచర్‌కూ అడగాల్సిన ప్రశ్న ఒకటే: అది ర్యామ్ తింటుందా, ప్రత్యేక చిప్ అడుగుతుందా, లేక ఉత్త కోడేనా?

ఉత్త కోడ్ అయినవి పాతవాటికి ఇవ్వాల్సిందే. ఐఫోన్ 12లో 5జీ మోడెమ్ 2020లోనే ఉంది. మన దేశంలో 2022 అక్టోబర్‌లో 5జీ మొదలైతే, ఆ ఫోన్లలో అది తెరుచుకుంది డిసెంబర్‌లో ఐఓఎస్ 16.2 వచ్చాకే. ఆ అప్‌డేట్ ఇవ్వకపోతే డబ్బులు పెట్టి కొన్న మోడెమ్ సగం నిద్రపోయేది.

తెలుగువాళ్లకు గుర్తుండాల్సింది ఇంకోటుంది. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" కూర్పులోని ఒక అక్షరక్రమం మెసేజ్‌గా వస్తే ఐఓఎస్ 11 ఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. కొద్ది రోజుల్లోనే ఐఓఎస్ 11.2.6 వచ్చింది, ఐఫోన్ 5ఎస్ దాకా అందరికీ. అప్పటికి 5ఎస్ 2013 నాటి ఫోన్. అప్‌డేట్ దారి తెరిచి ఉండబట్టే అందింది.

కావలి_రొయ్యలగుంట

ఫీచర్లు ఎవరికి కావాలి సామీ? రొయ్యల గుంటల కాడ ఫోన్ వాడే మనిషికి కావాల్సింది మూడే: ఫోన్ ఎత్తడం, డబ్బులు పంపడం, మేత లెక్క ఫొటో తీసి పంపడం. అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ నోటిఫికేషన్ పలక మారిపోద్ది, వైఫై బటన్ ఎక్కడికో పోద్ది. అరవై దాటినోళ్లు వేళ్ల గుర్తుతో వాడతారు, చదివి కాదు. సెక్యూరిటీ ఒక్కటి ఇచ్చి మిగతాది ఉన్నది ఉన్నట్టు వదిలేస్తే చాలు.

బలవంతంగా ఎక్కిస్తే ఏమవుద్దో కూడా చూశాం. ఇటలీలో 2018లో పోటీ వ్యవహారాల సంస్థ ఆపిల్‌కి 10 మిలియన్ యూరోలు, శాంసంగ్‌కి 5 మిలియన్లు జరిమానా వేసింది దీనికే. నోట్ 7 కోసం చేసిన ఆండ్రాయిడ్‌ని నోట్ 4 వాళ్ల మీద రుద్దారని శాంసంగ్ మీద అభియోగం. 2025 జనవరిలో గూగుల్ పిక్సెల్ 4ఏకి దానంతటదే ఎక్కే అప్‌డేట్ పంపి, కొన్ని ఫోన్లలో బ్యాటరీ పట్టే చార్జ్ తగ్గించేసింది. కారణం ఏదైనా గానీ, పొద్దున లేచేసరికి బ్యాటరీ సగమైతే ఎవరు ఒప్పుకుంటారు?

వెనక్కి పోదామంటే దారి ఉండదు. ఐఫోన్‌లో కొత్తది వచ్చిన కొన్నాళ్లకే పాత వెర్షన్ మీద ఆపిల్ సంతకం (ఎక్కించుకోవచ్చనే ఆమోదం) ఆపేస్తది, ఇక ఎక్కదు. ఆండ్రాయిడ్‌లో చాలావాటికి బూట్‌లోడర్ (వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కకుండా కాసే తాళం) విప్పాల, విప్పితే డేటా మొత్తం పోద్ది. తిరుగుదారి లేని వంతెన ఎక్కమంటే ఎట్టా?

ఒంగోలు_కెర్నల్

@కావలి_రొయ్యలగుంట తిరుగుదారి విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. పెద్ద వెర్షన్ ఇచ్చేటప్పుడు వద్దనే హక్కు, కనీసం నెల రోజులు వెనక్కి పోయే వీలు ఉండాలి. కానీ "సెక్యూరిటీ ఒక్కటే" అని గీత గీయడం చెప్పినంత తేలిక కాదు. యాప్ కెమెరా వాడేటప్పుడు మూలన పచ్చ చుక్క వెలగడం ఆండ్రాయిడ్ 12తో వచ్చింది. అది ఫీచరా, రక్షణా? నోటిఫికేషన్లు పంపడానికి యాప్ అనుమతి అడగాలనే నియమం 13తో వచ్చింది. లోన్ యాప్‌ల గోలలో పడేవాళ్లకు ఇవే ఎక్కువ అవసరం, పాత ఫోన్లు ఎక్కువగా ఉన్నది కూడా వాళ్ల చేతుల్లోనే.

తుపాను హెచ్చరికలు కూడా అంతే. 2023లో టెలికాం శాఖ సెల్ బ్రాడ్‌కాస్ట్ పరీక్షలు చేసినప్పుడు పెద్ద సైరన్‌తో మెసేజ్ వచ్చింది గుర్తుందా? అది ఇంటర్నెట్ లేకపోయినా టవర్ నుంచి నేరుగా వస్తుంది. అదే ఏడాది డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కొత్తపట్నం నుంచి మైపాడు దాకా తీరంలో ఉన్నవాళ్లకు ఆ సైరన్ పాత ఫోన్‌లోనూ మోగాలి. సెట్టింగ్స్‌లో పైన వెతికే చోట "ఎమర్జెన్సీ" అని కొట్టి, వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్ ఆన్‌లో ఉందో లేదో చూడండి.

చట్టం సంగతి: యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి కొత్త ఎకోడిజైన్ నియమాలు వచ్చాయి. మోడల్ చివరి పీసు మార్కెట్లో పెట్టిన రోజు నుంచి 5 ఏళ్లు అప్‌డేట్లు ఉచితంగా అందించాలి. అయితే వాక్యంలో "అప్‌డేట్లు ఇస్తే" అనే ఒక మెలిక ఉంది. అసలు ఇవ్వకపోతే ఏమిటనే వాదనకు అది సందు. పైగా ఆ నియమం మన దగ్గర అమ్మే ఫోన్లకు వర్తించదు.

మైపాడుగేటు_నెల్లూరు

ప్లే సిస్టమ్ అప్‌డేట్ నిజంగానే దిగి, రీస్టార్ట్ కోసం కాసుకోనుంది. కస్టమ్ రామ్ (ROM, బయటివాళ్లు చేసిన ఆండ్రాయిడ్, ర్యామ్ కాదు) వేస్తే ఆండ్రాయిడ్ 14 వస్తదంటన్నారు. వెయ్యొచ్చా?

ట్రంకురోడ్_బెంచి

యూపీఐ వాడే ఫోన్‌కి వద్దు. బూట్‌లోడర్ విప్పితే ఫోన్ సాఫ్ట్‌వేర్ మార్చలేదా అని చూసే గూగుల్ ప్లే ఇంటెగ్రిటీ పరీక్షలో ఫోన్ తప్పుద్ది, బ్యాంకు యాప్‌లు చాలా వరకు తెరుచుకోవు. ఈరోజు ఏదో కిటుకుతో తెరిపించినా నెలకి మళ్లీ మూసుకుంటది. కొన్ని ఫోన్లలో వైడ్‌వైన్ (సినిమాల కాపీ రక్షణ) ఎల్1 నుంచి ఎల్3కి దిగి సినిమాలు మసగ్గా వస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం వోల్టీ (4జీ మీద కాల్ మాట్లాడే పద్ధతి). కొన్ని రామ్‌లలో అది చెడుతది. జియోకి 2జీ, 3జీ లేవు గాబట్టి వోల్టీ పోతే ఫోన్ కాల్ కూడా పోదు. ఇంట్లో పక్కన పడున్న రెండో ఫోన్ మీద వేసుకోని ఆడుకో, తప్పులేదు.

నీ ఫోన్‌కి చెయ్యాల్సింది ఇది. ముందు చోటు చెయ్యి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, మేనేజ్ స్టోరేజ్. అక్కడ 5 ఎంబీ కంటే పెద్దవి, ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయినవి విడివిడిగా చూపిస్తది. అవి తీసేసి, మీడియా ఆటో డౌన్‌లోడ్ మూడు చోట్లా ఆపు. కనీసం 12 జీబీ ఖాళీ రావాల. తర్వాత రెండు రాత్రులు వైఫై మీద చార్జింగ్‌లో వదిలెయ్యి. యాప్‌ల సర్దుబాటు ఫోన్ ఊరికే ఉండి చార్జ్ అయ్యేటప్పుడే జరుగుద్ది. ఏ అప్‌డేట్ తర్వాతైనా ఈ రెండు రోజులు చూడకుండా స్లో అయిందని తీర్పు చెప్పొద్దు.

అయినా ఈడ్చుకుంటుంటే రీసెట్ (ఫోన్ మొత్తం చెరిపి మొదటికి తేవడం). చేసేముందు గూగుల్ అకౌంట్ పాస్‌వర్డ్ వేరే ఫోన్‌లో కొట్టి చూసుకో. సెట్టింగ్స్‌లో నుంచి చేస్తే పిన్ అడిగి శుభ్రంగా పోద్ది. బటన్లు నొక్కి రికవరీలో నుంచి చేస్తే మాత్రం తెరిచినాక పాత అకౌంట్ అడుగుతది, అది గుర్తులేకనే సగం ఫోన్లు రిపేరు బెంచి మీదకి వస్తాయి. వాట్సాప్ బ్యాకప్‌కి ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ పెట్టుంటే అది కూడా కాగితం మీద రాసిపెట్టుకో, మర్చిపోతే ఎవరూ తియ్యలేరు. బ్యాకప్ ఇప్పుడు గూగుల్ 15 జీబీలోనే లెక్క, వీడియోలు చేర్చొద్దు. యూపీఐ మళ్లీ రిజిస్టర్ అయ్యేటప్పుడు బ్యాంకుకి ఇచ్చిన నంబరు సిమ్ ఆ ఫోన్‌లోనే ఉండాల, ఎస్ఎంఎస్ పోయే ప్లాన్ ఉండాల.

బ్యాటరీ కూడా చూసుకో. ఫోన్‌ని అద్దం మీద బోర్లా, వెల్లకిలా రెండు వైపులా పెట్టి చూడు. గిరగిరా తిరిగితే లోపల ఉబ్బింది, ఆ రోజు నుంచే వాడకం ఆపు, చార్జ్ పెట్టొద్దు. ఉబ్బకుండా 20 శాతం మీద ఆగిపోతుంటే మార్చుకుంటే చాలు. మే నెల ఎండలో బైకు మొబైల్ స్టాండ్‌కి తగిలించి, మ్యాప్ ఆన్‌లో పెట్టి చార్జ్ చెయ్యడం లాంటివి మానాల. బ్యాటరీ వేడి 45 డిగ్రీలు దాటినాక చార్జింగ్ దానికి విషం.

కావలి_రొయ్యలగుంట

గుంటల కాడ వాడేవాళ్లు చార్జింగ్ పిన్ కూడా చూసుకోవాల. ఉప్పుతేమకి పచ్చగా పడతది. సూది పెట్టి గీకొద్దు, షార్టవుద్ది. ఫోన్ ఆఫ్ చేసి, మెత్తటి బ్రష్‌కి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిచి, పూర్తిగా ఆరినాకే పెట్టాల.

ఒంగోలు_కెర్నల్

ఇంకో రెండేళ్ల తర్వాత కొనేటప్పుడు ఒకటి గమనించండి. పిక్సెల్ 8 (2023), గెలాక్సీ ఎస్24 (2024) నుంచి 7 ఏళ్ల మాట ఇస్తున్నారు. ఆ ఏళ్లు మోడల్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి లెక్క, మీరు కొన్న రోజు నుంచి కాదు. పిక్సెల్ 8 ఎప్పుడు కొన్నా 2030 అక్టోబర్‌తో సరి. దసరా ఆఫర్‌లో రెండేళ్ల పాత మోడల్ చవగ్గా వచ్చిందంటే ఆ రెండేళ్లూ తీసేసి చూసుకోవాలి. చాలా ఫోన్లకు "ఓఎస్ అప్‌గ్రేడ్‌లు", "సెక్యూరిటీ అప్‌డేట్లు" రెండు వేర్వేరు అంకెలు ఉంటాయి, షాపులో పెద్దదే చెప్తారు.