గడ్డి ‘వెంట’ బెట్టాలా, గడ్డి ‘వెంటి’ బెట్టాలా?

అనంతపురం ఫిజిక్స్:
వెండి నానోతీగల వలలో విద్యుత్తు ఎలా పారుతుందో డిగ్రీ పిల్లలకు తెలుగులో ఒక పాఠం రాస్తున్నాను. మొదట్లో ‘ఐకమత్య మొక్క టావశ్యకం బెప్డు, దాని బలిమి నెంతయైన గూడు’ అనే వేమన పద్యం పెట్టాలని ఉంది. ‘గడ్డి వెంట బెట్టి కట్టరా యేనుంగు’ దగ్గర ఆగిపోయాను. ఇక్కడ ‘వెంట’ అంటే ఏమిటి? ఒక పరక వెంట మరో పరక పెట్టడమేనా? అదే అయితే నా పాఠానికి చక్కగా అతుకుతుంది. ఒక్కో తీగ మందం కొన్ని పదుల నానోమీటర్లు, పొడవు పదుల మైక్రోమీటర్లు. ఏ ఒక్కటీ వాటిని చల్లిన గాజుపలకను ఈ అంచు నుంచి ఆ అంచుకు దాటలేదు. ఒకదాని వెంట ఒకటి తగులుతూ పోతేనే దారి.

కడప గడప:
సార్, అది ‘వెంటి’. గడ్డితో పేనిన తాడు. మా పెద్దవాళ్లు వరిగడ్డి తడిపి వెంటి పేని మోపులు కట్టేవారు. ‘పెట్టి’ అంటే ఇక్కడ ‘తో’ అని, కత్తి పెట్టి కోశాడు అన్నట్లు. ‘వెంట’ అచ్చులో దొర్లిన తప్పు.

కర్నూలు బురుజు:
తప్పని అంత తేలిగ్గా తేల్చకండి మేడమ్. ‘వెంట’ అయినా ‘వెంటి’ అయినా గలమే (గురువు, లఘువు), ఛందస్సు ఎటూ చెప్పదు. ‘యేనుంగు’ మాత్రం అలాగే ఉండాలి. ‘యేనుగు’ అని రాస్తే గణం చెడుతుంది.

తాళపత్రం:
చెడదండీ. ‘యేనుంగు’ తగణం, ‘యేనుగు’ భగణం, రెండూ ఇంద్రగణాలే. ఆటవెలది మూడో పాదం చివర ఏదైనా చెల్లుతుంది. నా అనుమానమంతా మొదటి పాదం మీద. ‘ఐకమత్య మొక్క టావశ్యకం బెప్డు’ అనేది వేమన నోటి మాటేనా? ‘ఉప్పు కప్పురంబు’ అన్నవాడు ‘ఆవశ్యకంబు’ అంటాడా? ఏ బడిపంతులో కట్టి వేమన పేరు తగిలించాడని నా నమ్మకం.

కడప గడప:
వేమన సంస్కృతపదం వాడడని ఎవరన్నారు? 1820లో మా ఊరు వచ్చిన బ్రౌను ఎన్నో రాతప్రతులు పోల్చి, 1829లో వేమన పద్యాలు అచ్చువేయించాడు. ఏది వేమనదో ఏది కాదో చెవితో తేల్చలేం.

అనంతపురం ఫిజిక్స్:
‘వెంటి’ అయితే నాకు చిక్కే. తాడులో ప్రతి పరకా తన వంతు బలం కలుపుతుంది. తీగల వలలో అలా కాదు. అడ్డదిడ్డంగా చల్లిన తీగల సాంద్రత ఒక హద్దుకు చేరేదాకా, పలక ఎంత పెద్దదైతే అంత కచ్చితంగా, వాహకత సున్నా. 1974లో పైక్, సీగర్ అనే శాస్త్రవేత్తలు ఈ హద్దును కంప్యూటర్‌తో లెక్కగట్టారు. మందం లెక్కలోకి రానంత సన్నని కడ్డీలకు, వైశాల్యంలో ఒక్కో యూనిట్‌కు ఉన్న కడ్డీల సంఖ్యను పొడవు వర్గంతో గుణిస్తే ఆ హద్దు సుమారు 5.64 అని ఇప్పుడు తేలింది. పొడవు రెట్టింపు చేస్తే నాలుగో వంతు తీగలు చాలు, అంటే సగం వెండి. హద్దు దాటిన కొత్తలో వాహకత, ఆ దాటిన మేర సుమారు 1.3 ఘాతానికి అనుపాతంలో పెరుగుతుంది. ‘దాని బలిమి నెంతయైన గూడు’ అన్నది హద్దు దాటాకే చెల్లే మాట.

కర్నూలు బురుజు:
అందుకే మీరు గడ్డిని వదిలి ‘కట్టరా’ను పట్టుకోండి సార్. పద్యానికి ప్రాణం కట్టులో ఉంది, మీ వలకు కూడా. తీగలు తగిలినంత మాత్రాన కరెంటు సాఫీగా పోదు. తయారీలో మిగిలిన పాలిమర్ పొర అడ్డుపడుతుంది. చాలా వలల్లో తీగ నిరోధం కన్నా తగిలే చోటి నిరోధమే ఎక్కువ. అందుకే వేడిచేసి, లేదా అదిమి, అతుకులు కలుపుతారు. నమూనా కట్టేటప్పుడు ప్రతి అతుకునూ ఒక నిరోధంగా పెట్టి విద్యుత్ వలయాల కిర్కాఫ్ నియమాలతో సమీకరణాలు సాధిస్తారు. ఒక్క చోటే తగిలి, రెండో కొన గాలిలో ఉన్న తీగ ఎంత వెండిదైనా కరెంటు మోయదు. వేమన గడ్డి పోగు చేయమనలేదు, కట్టమన్నాడు.

తాళపత్రం:
కట్టు సంగతి బాగుంది, కానీ అసలు ఆధారం ‘బెట్టి’లో ఉంది. ‘పెట్టి’ ఎందుకు ‘బెట్టి’ అయింది? ముందు ద్రుతం, అంటే పదం చివరి నకారం, ఉండబట్టి. ‘వెంటన్’ అని ద్రుతాంతం ఉంది కదా, కాబట్టి ‘వెంట’యే.

కడప గడప:
‘వెంటిన్ బెట్టి’ అని ద్వితీయ ఎందుకు కాకూడదు? దానికీ ద్రుతం ఉంది, దాని తర్వాతా పకారం బకారమవుతుంది. మీ ‘బె’ మీకు ఎంత సాక్ష్యమో నాకూ అంతే. బ్రౌన్ గ్రంథాలయంలో పాత ప్రతులు చూసి, ఆ ద్రుతం మారిన అరసున్న ముందు ఉన్నది ‘ట’నో ‘టి’నో ఇక్కడే రాస్తాను. అంతవరకు సార్ పాఠంలో ‘వెంటి’ అనే వేయాలి.

తాళపత్రం:
‘వెంట’ అనే వేయాలి.