"డాడీ వచ్చింది", "స్నానం తీసుకున్నా": ఏది సరిదిద్దాలి, ఏది వదిలెయ్యాలి?

ఫ్రిస్కో_అమ్మ
పాపకి ఆరేళ్ళు, పుట్టిందీ పెరుగుతున్నదీ టెక్సస్‌లోనే. ఇంట్లో తెలుగే. ఇప్పుడు మాటలు ఇలా ఉన్నాయి: "డాడీ వచ్చింది", "స్నానం తీసుకున్నా", "అన్నయ్య ఈజ్ గిల్లింగ్ మీ", "నానమ్మా, నువ్వు కూర్చోండి". వీడియో కాల్‌లో అవతల అందరూ పడీపడీ నవ్వుతారు, ఇది ముడుచుకుపోయి ఇంగ్లిష్‌లోకి దూకేస్తుంది. ఏం చెయ్యాలి?

వ్యాకరణం_పిచ్చోడు
నాలుగూ ఒకటే జబ్బు కాదండీ.

"గిల్లింగ్" పిల్లల చిలిపితనం. మనం "బస్ మిస్సయ్యా" అంటామే, దాన్నే తిరగేశారు. వదిలెయ్యండి.

"స్నానం తీసుకున్నా" మాత్రం ఇంగ్లిష్ నుంచే దిగింది. అక్కడ అన్నిటికీ "టేక్" ఒక్కటే. మనం స్నానం చేస్తాం, మాత్ర వేసుకుంటాం, ఫొటో తీస్తాం, ఊపిరి పీలుస్తాం.

"డాడీ వచ్చింది"కి ఇంగ్లిష్‌ని తిట్టకండి, పాపం. అమ్మ వచ్చింది, కుక్క వచ్చింది, బస్సు వచ్చింది... చెవిన పడేవన్నీ "ది"లే. పెద్దవాళ్ళకేమో "వచ్చారు". ఇక "డు" వినపడేది ఏ తమ్ముడికో! ఎక్కువ విన్నదాన్నే పిల్ల పట్టుకుంది.

రెండుభాషల_ఇల్లు
"తప్పు, అలా అనకూడదు" అంటే మాటే ఆగిపోతుంది. సరైన రూపాన్ని మీ జవాబులోనే తిప్పి అనండి: "ఓ, నాన్న వచ్చాడా? బ్యాగ్ ఎక్కడ పెట్టాడు? కాళ్ళు కడుక్కున్నాడా?" మూడుసార్లు "డు" పడింది, పాఠం చెప్పినట్టు లేదు. ఒకసారికి ఒక్క తప్పే పట్టుకోండి. నానమ్మని "నువ్వు" అంటుందో "మీరు" అంటుందో ముందు మీ ఇంట్లో ఖాయం చేసుకోండి. పెద్దలే రోజుకో రకంగా అంటే పిల్ల రెండూ కలిపేస్తుంది. నవ్వేవాళ్ళకి కాల్‌కి ముందే ఒక మాట చెప్పి ఉంచండి.

చారు_పోపు
అసలు దొంగలం మనమే. "ప్లేట్ వాష్ చెయ్, డోర్ క్లోజ్ చెయ్, ఆనియన్ కట్ చెయ్" అంటుంటే పిల్లకి దొరికే తెలుగు క్రియ "చెయ్" ఒక్కటే. ఫ్రిజ్, బస్, హోంవర్క్ ఇంగ్లిష్‌లోనే ఉండనివ్వండి, క్రియల్ని వెనక్కి తెచ్చుకోండి. గిన్నెలు తోము, బట్టలు ఉతుకు, కాళ్ళు కడుక్కో, తలుపు వెయ్యి, ఉల్లిపాయలు తరుగు. వంటింట్లో మొదలుపెడితే తేలిక, చేతిలో పని ఉంటుంది కాబట్టి.

"నా కల్లు మండుతున్నాయి" అంటోందా? నాలుక కొన వెనక్కి మడిచి అంగిలికి తాకించమనండి. కల్లు–కళ్ళు, మల్లి–మళ్ళీ జంటలుగా పలికించండి.

ఫ్రిస్కో_అమ్మ
అంటోంది! ఇంకోటి: నానమ్మతో "మనం డిస్నీకి వెళ్ళాం" అంటే ఆవిడ "నేనెప్పుడొచ్చానే?" అంటారు.

వ్యాకరణం_పిచ్చోడు
ఇంగ్లిష్‌లో "వుయ్" ఒక్కటే కదా. వినేవాళ్ళు కూడా ఉంటే మనం, లేకపోతే మేము. ఐస్‌క్రీమ్ డబ్బాతో నేర్పండి. "మేము తింటాం" అని మీరూ పెద్దాడూ లాగించండి. అది అరవగానే "సరే, మనం తిందాం" అని దానికీ పెట్టండి.