పెద్దమనుషులు తేల్చిన విడాకులు చాలవా, లాయర్ దగ్గరికి పోవాల్సిందేనా?

ప్రొద్దుటూరు_అన్న:
మా చెల్లెలి గురించి అడుగుతున్నాను. మాది ప్రొద్దుటూరు. చెల్లెల్ని ఇచ్చింది తాడిపత్రి దగ్గర ఒక పల్లెకు. పెళ్లయి ఐదేళ్లు, మూడేళ్ల పాప. ఏడాది ఎనిమిది నెలలుగా చెల్లెలు మా ఇంట్లోనే ఉంది. కొట్టడాలు, కట్నం వేధింపులు లాంటివేమీ లేవు. ఇద్దరికీ పొసగలేదు, అంతకు మించి ఇక్కడ రాయను. విడిపోవడం ఇద్దరికీ ఇష్టమే.

పోయిన ఆదివారం రెండు వైపుల పెద్దమనుషులూ కూర్చున్నారు. ఏడు లక్షలు ఇస్తారు, మేం పెట్టిన బంగారంలో సగం వెనక్కి ఇస్తారు, పాప మా దగ్గరే ఉంటుంది, ఇక ఒకరి మీద ఒకరు ఏ కేసూ వేయకూడదు. వంద రూపాయల స్టాంపు పేపర్ల మీద ఇదంతా రాసి, సంతకాలు పెట్టి, నోటరీ చేయిస్తే అయిపోయిందట. ‘కోర్టుకు పోతే పాపకు పెళ్లీడు వస్తుంది, వచ్చే ఆదివారం ముగించేయండి’ అని మా చిన్నాయన పట్టు పట్టాడు. కడపలో ఒక లాయరమ్మను కలిస్తే ‘దేని మీదా సంతకం పెట్టకండి, ముందు అందరూ ఒకసారి నా దగ్గర కూర్చోండి’ అన్నారు. అది ఫీజు కోసం చెప్పిన మాట అంటాడు చిన్నాయన. నాకు ఇద్దరి మాటలోనూ న్యాయం కనబడుతోంది. మీరేమంటారు?

గుంతకల్లు_జంక్షన్:
మీ చిన్నాయన మాటే వినండి. మా అన్న కేసు అనంతపురంలో ఆరేళ్లు నడిచింది. వాయిదా అంటే ఏంటో చూడనివాళ్లకు చెప్పినా అర్థం కాదు. చీకటితోనే లేచి రైలెక్కి పోవాలి. కోర్టు వరండాలో పేరు పిలుస్తారేమోనని పన్నెండు దాకా నిలబడాలి. ఈరోజు జడ్జిగారు సెలవు అని బంట్రోతు చెబితే టీ తాగి వెనక్కి రావాలి. లాయర్ లెక్క మాత్రం ఆ రోజుది ఆ రోజే. పెద్దమనుషులు అన్యాయం చేస్తే రేపు అదే రచ్చబండ దగ్గర కూర్చోవాలి. లాయర్‌కు ఆ భయం ఏముంది?

కర్నూలు_టీచర్:
అన్నా, ఆ స్టాంపు పేపర్ మీద సంతకం పెట్టినదాన్నే నేను. కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

మూడు పేజీలు. ప్రతి పేజీ కింద మా ఇద్దరి సంతకాలు, నోటరీ ఎర్ర సీలు. ‘నేటి నుండి మేము భార్యాభర్తలము కాము’ అని మధ్యలో గీత గీసి మరీ రాశారు. వానకు తడుస్తుందేమోనని మా నాయన దానికి లామినేషన్ చేయించాడు. నాలుగేళ్లు బీరువాలో బంగారంతో పాటు దాచాం.

తర్వాత ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి బ్యాంకులో ఉద్యోగం, అతనికీ రెండో పెళ్లే. అన్నీ కుదిరాక ‘కోర్టు డిక్రీ, అంటే విడాకులు ఇచ్చిన తీర్పు కాగితం, ఒక కాపీ ఇవ్వండి’ అన్నారు. మా నాయన ఎంతో ధీమాగా ఆ లామినేషన్ కాగితం తీసి చేతిలో పెట్టాడు. వాళ్లతో వచ్చిన లాయర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చాలా మర్యాదగానే, ‘పెద్దాయనా, చట్టం లెక్కలో మీ అమ్మాయికి ఇంకా మొదటి పెళ్లి ఉన్నట్టే’ అన్నాడు. ఆ రోజు మా నాయన అన్నం తినలేదు. సంబంధం పోయింది. కోర్టులో ఉమ్మడిగా పిటిషన్ వేద్దామని మొదటాయన్ను అడిగితే, ఇచ్చిన డబ్బులో సగం తిరిగిస్తేనే సంతకం పెడతానన్నాడు. ఇచ్చాం. ముందే పెట్టించుకుని ఉంటే ఉచితంగా పెట్టేవాడు.

పెద్దమనుషులు మోసగాళ్లని నేననను. వాళ్లు రాజీ చేయగలరు. పెళ్లి రద్దు చేయలేరు. నాకు అది చెప్పినవాళ్లు లేరు, అంతే.

గుంతకల్లు_జంక్షన్:
టీచరమ్మా, మీకు జరిగింది బాధే. కానీ మా జేజి కాలం నుంచీ మావాళ్లు పెద్దల ముందే విడిపోయి మారుమనువులు చేసుకున్నారు. ఏ కోర్టూ అడగలేదు. కులాచారం ఉంటే చెల్లుతుందని చట్టంలోనే ఉందని విన్నాను.

నల్లకోటు:
అనంతపురం, గుత్తి కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తాను. ముందే చెబుతున్నా, కేసులు పట్టుకోవడానికి రాలేదు, లాయర్లు అలా పట్టుకోకూడదు కూడా.

మీరు విన్నది నిజమే. హిందూ వివాహ చట్టం 1955, సెక్షన్ 29 ఆచారం ప్రకారం వచ్చే విడాకుల్ని ఉంచింది. అయితే మా కులంలో ఈ పద్ధతి తరతరాలుగా నడుస్తోందని సాక్షులతో రుజువు చేయాలి. యాడ రుజువు చేస్తారు? కోర్టులోనే. కోర్టుకు పోకుండా ఉండడానికి రాసుకున్న కాగితాన్ని నిలబెట్టుకోవడానికి మళ్లీ కోర్టు మెట్లే ఎక్కాలి. రుజువు కాకపోతే రెండో పెళ్లి చెల్లదు. పైగా నేరం, ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. మీ జేజి కాలంలో అడిగేవాళ్లు లేరు. ఇప్పుడు పాస్‌పోర్టు, పెన్షన్, ఆస్తి పంపకం, అన్నిచోట్లా అడుగుతారు.

ఇంకొకటి. మీ అన్న ఆరేళ్ల కేసును ఈ చెల్లెలి విషయంతో కలిపేస్తున్నారు. మీ అన్నది ఒకరు కావాలని, ఇంకొకరు వద్దని కొట్లాడిన కేసు అయి ఉంటుంది. అది అదే చట్టంలో సెక్షన్ 13. క్రూరత్వమో, రెండేళ్లకు తగ్గకుండా వదిలేసి పోవడమో, ఇలా చట్టంలో రాసిన కారణాల్లో ఒకదాన్ని సాక్ష్యంతో నిలబెట్టాలి. ‘పొసగడం లేదు’ అన్నది ఆ లిస్టులో లేదు. కాపురం ఇక బాగుపడదన్న ఒక్క కారణంతో విడాకులు ఇవ్వగలిగేది రాజ్యాంగంలోని 142వ అధికరణం కింద సుప్రీంకోర్టు ఒక్కటేనని 2023లో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. మన జిల్లా కోర్టులకు ఆ వీలు లేదు. అందుకే ఆరేళ్లు.

ఇక్కడ ఇద్దరూ ఒప్పుకున్నారు. దీనికి దారి అదే చట్టంలో సెక్షన్ 13బి, పరస్పర అంగీకారం. కనీసం ఏడాది విడిగా ఉండాలి, ఇద్దరూ కలిసి పిటిషన్ వేయాలి. ఆరు నెలలు ఆగి మళ్లీ వచ్చి ‘మా మనసు మారలేదు’ అని చెప్పాలి. ఆ ఆరు నెలల గడువును కూడా కోర్టు తగ్గించవచ్చని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. అప్పటికే ఏడాదిన్నర విడిగా ఉండాలి, రాజీ ప్రయత్నాలు అయిపోయి ఉండాలి, డబ్బు, పాప సంగతి తేలి ఉండాలి. అన్నగారు రాసిన ఏడాది ఎనిమిది నెలలు చూడగానే నాకు ఇదే తట్టింది. తగ్గించి తీరుతారని హామీ ఇవ్వను, అది జడ్జిగారి ఇష్టం. తగ్గించకపోయినా పాప పెళ్లీడు దాకా ఏం పోదు.

బెంగళూరు_బస్సు:
అందరూ అమ్మాయి వైపే రాస్తున్నారు. మాది అనంతపురం, ఉద్యోగం బెంగళూరు. మేమిద్దరం మర్యాదగానే విడిపోదామనుకున్నాం. ఆమె లాయర్ దగ్గరికి వెళ్లొచ్చిన నెలకే 498ఏ (భర్త, అత్తింటివాళ్లు వేధించారనే కేసు), గృహహింస కేసు, మెయింటెనెన్స్ (భరణం) కేసు, మూడూ ఒకేసారి వచ్చి పడ్డాయి. ‘ఇవి వేస్తేనే దిగొస్తాడు’ అని చెప్పారట. అరవై దాటిన మా అమ్మ పోలీస్ స్టేషన్ బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చుంది. రెండిళ్ల మధ్య పెట్రోల్ పోసింది లాయరే. పెద్దమనుషులైతే కనీసం మా అమ్మను అక్కడ కూర్చోబెట్టేవాళ్లు కాదు.

కర్నూలు_టీచర్:
మీ అమ్మగారికి జరిగింది తప్పే తమ్ముడూ. అలాగని ఆ చట్టాలే బెదిరింపు సామాను అనొద్దు. మా పక్కింటి పిల్లను మూడుసార్లు పెద్దమనుషులు ‘సర్దుకో’ అని వెనక్కి పంపారు. నాలుగోసారి గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు వచ్చాకే ఆ చెయ్యి ఆగింది.

నల్లకోటు:
బెంగళూరు తమ్ముడు చెప్పినలాంటి లాయర్లు ఉన్నారు, లేరంటే అబద్ధం. గుర్తుపట్టడం కష్టమేం కాదు. మీ కథ పూర్తిగా వినకముందే ‘మూడు కేసులు వేద్దాం’ అన్నారంటే లేచి వచ్చేయండి. అలాగే, 498ఏ అనగానే అరెస్టు చేయకూడదని, ముందు నోటీసు ఇచ్చి పిలవాలని 2014 నుంచి సుప్రీంకోర్టు చెబుతూనే ఉంది. ఇప్పుడు ఆ సెక్షన్ భారతీయ న్యాయ సంహితలో 85 అయింది. ఒక లాయర్ ఈ సంగతి ముందే చెప్పి ఉంటే మీ ఇంట్లో సగం టెన్షన్ తగ్గేది.

కడప_పెద్దదర్గా:
మావాళ్లలోనూ ఇదే గొడవ. జమాత్‌లో ఖులా (భార్య కోరితే వచ్చే విడాకులు) అయిందని కాగితం ఇస్తారు, తర్వాత ఖర్చుల సంగతి ఎవరూ మాట్లాడరు. ఒక్కసారే మూడు తలాక్‌లు చెప్పడం 2017లోనే చెల్లకుండా పోయింది, 2019 నుంచి నేరం. విడాకులైన ముస్లిం ఆడబిడ్డ కూడా మామూలు మెయింటెనెన్స్ సెక్షన్ కింద అడగొచ్చని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వెళ్లింది పక్కనున్న తెలంగాణ నుంచే. మా వీధిలో ఇది తెలిసినవాళ్లు ఇద్దరో ముగ్గురో.

ప్రొద్దుటూరు_అన్న:
నల్లకోటు గారూ, ఏడు లక్షలు, సగం బంగారం, కేసులు వేయకూడదు, ఈ మూడింటి మీద మీ మాట చెప్పండి. చిన్నాయనకు చదివి వినిపించాలి.

నల్లకోటు:
ఏడు లక్షలు చాలా, చాలవా అనేది అతని సంపాదన చూడకుండా చెప్పలేను. మెయింటెనెన్స్ కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ ఇవ్వాలని 2020 తీర్పు ఉంది. రాజీలో కూడా ఆ పద్ధతిలోనే అడగండి. పొలం ఎంత, జీతం ఎంత, ఈఎంఐలు ఎన్ని.

బంగారంలో సగం వెనక్కి ఇవ్వడం వాళ్ల దయ కాదు. పుట్టింటివాళ్లు అమ్మాయికి పెట్టింది స్త్రీధనం, మొత్తం ఆమెదే. ప్రొద్దుటూరు వాళ్లకు బంగారం గురించి నేను చెప్పాలా! అంగడి బిల్లులు, పెళ్లి ఫోటోలు తీసి పెట్టండి. ఫోటోలో మెడలో ఉన్న హారం ఒక్కోసారి బిల్లు కంటే గట్టిగా మాట్లాడుతుంది.

కేసులు వేయకూడదన్న దాంట్లో పాపను కలిపితే ఒప్పుకోకండి. తల్లి తన సంగతి వదులుకున్నా, తండ్రి నుంచి పోషణ పొందే బిడ్డ హక్కును ఆమె రాసిచ్చేయలేదు. పాప పేరు మీద విడిగా ఎంతో కొంత డిపాజిట్ రాయించండి. నెలకు ఎన్నిసార్లు తండ్రి చూడొచ్చు, పండగకు ఎక్కడ ఉంటుంది, ఇవి కూడా అందులోనే.

డబ్బు ఒకేసారి చేతులు మారనివ్వకండి. మొదటి పిటిషన్ రోజు కొంత డీడీ, రెండోసారి కోర్టుకు వచ్చి చెప్పే రోజు మిగతాది. రెండోసారి చెప్పేలోపు ఎవరైనా అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు. ఆ సందు రెండు వైపులా ఉంది.

పిటిషన్ మీ చెల్లెలు ఉంటున్న ప్రాంతపు కోర్టులోనే వేయొచ్చు, తాడిపత్రి వైపు తిరగక్కర్లేదు. లాయర్ ఫీజు మొత్తం ఎంతో, టైపింగ్, జిరాక్సులు అందులోనేనా అని మొదటి రోజే అడగండి. తెల్ల కాగితం మీద మాత్రం మీ లాయర్‌కైనా సంతకం పెట్టకండి. కేసు నంబర్ తీసుకుంటే వాయిదా తేదీ ఈ-కోర్ట్స్ యాప్‌లో మీరే చూసుకోవచ్చు, ఎవరికీ ఫోన్ చేసి బతిమాలక్కర్లేదు.

కర్నూలు_టీచర్:
ఫీజే అడ్డమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా లాయర్‌ను ఉచితంగా ఇస్తారు, 1987 చట్టంలోనే ఉంది. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు.

గుంతకల్లు_జంక్షన్:
ఉచితంగా వచ్చే లాయర్ ఏమాత్రం పని చేస్తాడో అదీ చూడాలి.

కర్నూలు_టీచర్:
నా కేసు చేసింది ఆ లాయరే. ఒక్క వాయిదాకూ రాకుండా ఉండలేదు.

ప్రొద్దుటూరు_అన్న:
ఆదివారం అయింది. పెద్దమనుషుల్ని రావద్దనలేదు, లాయరమ్మను కూడా మా ఇంటికే రమ్మన్నాం. చిన్నాయన మొదటి ప్రశ్న ‘మీ ఫీజెంత?’ ఆమె మొహం మాడ్చుకోకుండా పాప డ్రాయింగ్ పుస్తకం వెనక పేజీ మీద మొత్తం రాసి ఇచ్చింది. బంగారం మొత్తం ఇస్తామని వాళ్ల మేనమామే అన్నాడు, మా ఫోటో ఆల్బమ్ తెరిచాక. ఏడు లక్షలు ఏడు లక్షలే, అందులో రెండు పాప పేరు మీద డిపాజిట్. స్టాంపు పేపర్ల మీద ఎవరూ సంతకం పెట్టలేదు. వచ్చే వారం పిటిషన్ వేస్తున్నాం, ఆరు నెలలు తగ్గించమని కూడా అడుగుతారట. చిన్నాయన మాత్రం కొన్న స్టాంపుల డబ్బు దండగైందని ఇంకా గొణుగుతున్నాడు.

గుంతకల్లు_జంక్షన్:
సరే అన్నా, మంచిదే. మొదటి వాయిదా ఎప్పుడు పడిందో, ఆ రోజు నిజంగా పిలిచారో లేదో వచ్చి రాయి. నేను మాత్రం అప్పుడే నమ్ముతాను.