ముసలి లాబ్రడార్‌కు నొప్పి మందా, ఫిజియోథెరపీయా?

మూడో అంతస్తు: మా లాబ్రడార్ కుక్కకు 11 ఏళ్లు, బరువు 42 కిలోలు. తుంటి కీళ్లు అరిగాయని ఎక్స్‌రేలో తేలింది. డాక్టరు గారు మెలాక్సికామ్ అనే నొప్పి మందు రాసి, ఫిజియోథెరపీ కూడా మొదలుపెట్టమన్నారు. మందు వద్దంటారు అత్తగారు. వ్యాయామం దండగంటారు మావారు. ఏం చేయమంటారు?

వేపచెట్టు: అత్తగారి మాటే వినండి. మా కుక్కకు రక్తపరీక్ష ఊసే లేకుండా నెలల తరబడి నొప్పి మాత్రలు రాశారు. మూత్రపిండాలు పోయాయి. నీళ్లలో నడిపించండి, కీళ్ల మీద బరువు పడదు.

కృష్ణాతీరం: నీళ్లు ఎంత లోతు ఉండాలో చెప్పరేం? మడమ దాకా ఉంటే కుక్క తన బరువులో 91 శాతం మోస్తూనే ఉంటుంది. మోకాలి దాకా అయితే 85 శాతం. తుంటి దాకా ఉంటేనే 38 శాతానికి పడిపోతుంది. కాలువలో కాళ్లు తడిపితే అది చికిత్స కాదు.

వేపచెట్టు: ఈ లెక్కలెందుకు? చెరువులో ఈదిస్తే సరిపోదా?

కృష్ణాతీరం: సరిపోదు. ఈదేటప్పుడు చాలా కుక్కలు ముందుకాళ్లతోనే నెట్టుకొస్తాయి. మనకు కావలసింది వెనుకకాళ్ల పని. పైగా జారే గట్టు ఎక్కాలి.

పిల్లుల ఇల్లు: ఇంట్లో పిల్లి కూడా ఉంటే పారాసిటమాల్ దాని దరిదాపులకు రానివ్వకండి. ఒక్క మాత్రతో ప్రాణం పోవచ్చు.

చెరుకుతోట: డైక్లోఫెనాక్ అనే నొప్పి మందును పశువులకు వాడకుండా 2006లోనే ఆపేశారు కదా? ఈ మందులన్నీ అంతే.

కృష్ణాతీరం: అది రాబందుల కోసం. ఆ మందు వాడిన పశువు చనిపోతే, దాని మాంసం తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చచ్చిపోయాయి. మనుషుల డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కుక్కకూ ప్రమాదమే. అయితే ఇక్కడ రాసింది మెలాక్సికామ్.

వేపచెట్టు: ప్రమాదమని మీ నోటితోనే అన్నారు. చాలు.

కృష్ణాతీరం: సగం మాట పట్టుకుని వాదించకండి! మందంటే విషమని మా ఇంట్లో పెద్దలు మా కుక్కకు ఒక్క మాత్ర వేయనివ్వలేదు. అది అరవలేదు, మూలగలేదు. అందుకని దానికి నొప్పే లేదని తీర్మానించారు. లేవడానికి తంటాలు పడేది, తుంటి నాకుతూనే ఉండేది, తొడ కండ కరిగిపోయింది. అలాంటి దాన్ని రోజూ గొలుసు పట్టి లాగి నడిపించి, వ్యాయామమన్నారు.

వేపచెట్టు: నేను లాగమనలేదు. నొప్పి తెలియకుండా చేసి నడిపిస్తే అరిగిన కీలు ఇంకా అరగదా? ఆగమని ఒళ్లు చెప్పే మాట అది. దాని నోరు నొక్కుతారా?

కృష్ణాతీరం: ఇంతసేపూ మీరు అడగాల్సింది ఇదే. కొత్త గాయమైతే మీరన్నది నిజం. ఏళ్ల నాటి కీళ్లవాతంలో నొప్పికి జడిసి కుక్క కాలు మోపదు. మోపకపోతే కండ కరుగుతుంది. కండ లేని కీలు పట్టు తప్పి ఇంకా నొప్పి పెడుతుంది. మందు ఇచ్చేది పరుగులు తీయించడానికి కాదు, కూర్చుని లేవడం లాంటి చిన్న వ్యాయామాలు చేయగలగడానికి. నొప్పి తగ్గించకుండా ఫిజియోథెరపీ చేయించడం హింస.

పశువైద్య విద్యార్థి: బరువు సంగతి ఎవరూ ఎత్తలేదు. 42 కిలోలు మామూలు లాబ్రడార్‌కు ఎక్కువ. స్థూలకాయం ఉన్న కుక్కల్లో బరువు 6 శాతం పైన తగ్గితేనే కుంటు తగ్గుతుందని పరిశోధనల్లో కనిపించింది. ఇక్కడ అది రెండున్నర కిలోలు.

మూడో అంతస్తు: పెరుగన్నం పెట్టేది అత్తగారే. ఆమెతో మాట్లాడతాను. టైల్స్ మీద వెనుకకాళ్లు జారిపోతున్నాయి, ఏం పరవాలి?

పశువైద్య విద్యార్థి: అడుగున రబ్బరున్న పట్టాలు, పడుకునే చోటు నుంచి నీళ్ల గిన్నె దాకా వరుసగా.

కృష్ణాతీరం: వేపచెట్టు గారూ, రక్తపరీక్ష బాగుంటే మందు వేయమంటారా, అప్పుడూ వద్దంటారా?

వేపచెట్టు: నా కుక్కకైతే వద్దనే అంటాను. ఆమె వేసేటట్టయితే అన్నం తిన్నాకే వేయాలి. వాంతి అయినా, విరేచనం నల్లగా వచ్చినా వెంటనే ఆపి డాక్టరుకు చూపించాలి. స్టెరాయిడ్‌తో కలిపి అసలే వేయకూడదు. ఇవేవీ ఆ రోజు మాకు ఎవరూ చెప్పలేదు.