ఆడకుక్కకు ఆపరేషన్: ఒక్క ఈతైనా కానివ్వాలా, ముందే చేయించేయాలా?

గోదారిగట్టు (రాజమండ్రి):
మా ఇంట్లో ఆడ ల్యాబ్రడార్ ఉంది. ఏడాది దాటింది, మొదటిసారి ఎదకు వచ్చి ఈమధ్యే తగ్గింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేద్దామని నా పట్టు. మా అత్తగారేమో "దాని ఉసురు మనకెందుకు, ఒక్కసారి ఈననివ్వండి, తర్వాత మీ ఇష్టం" అంటున్నారు. ఆవిడ మాట తీసిపారేసేది కాదు, దానికి రోజూ పెరుగన్నం కలిపి పెట్టేది ఆవిడే. పక్క వీధిలో మగ ల్యాబ్ ఉన్నవాళ్లు కూడా క్రాసింగ్ చేయిద్దాం, మాకొక పిల్లనిస్తే చాలు అని కబురు పంపారు. ఇంట్లో అందరం ఒక మాట మీదికి రావాలి. చేయించినవాళ్లూ, వద్దనుకున్నవాళ్లూ కారణాలతో చెప్పండి. పాపం, పుణ్యం అని ఒక్క ముక్కలో తేల్చేయొద్దు.

ఓరుగల్లు శీను:
నేను వద్దనే చెప్తాను. మా తాత కాలం నుంచి ఇంట్లో కుక్కలున్నాయి, ఏ ఒక్కదానికీ కత్తి పెట్టించలేదు. జబ్బు లేని జీవానికి కడుపు కోసి గర్భసంచి తీసేయాలంటే కారణం గట్టిగా ఉండాలి కదా. స్వీడన్‌లో 1988 దాకా కుక్కలకు ఈ ఆపరేషన్ మీద నిషేధమే ఉండేది. నార్వేలో ఇప్పటికీ సరైన కారణం చూపకుండా చేయరు. అక్కడేమైనా వీధుల నిండా కుక్కపిల్లలు తిరుగుతున్నాయా? లేవు. ఎందుకంటే యజమాని గొలుసు వదలడు. బాధ్యత మనిషిది, దానికి కుక్క ఒంట్లో భాగం తీసేయడం ఏం న్యాయం?

ఇంకోటి, ఆపరేషన్ అయినవి బరువెక్కుతాయి. ల్యాబ్ అసలే తిండిపోతు. ఎదకు వచ్చిన మూడు వారాలు జాగ్రత్తగా ఇంట్లో పెట్టుకుంటే సరిపోయేదానికి ఇంత దూరం వెళ్లడం నాకు నచ్చదు. ఒకవేళ పిల్లలు పుట్టినా ల్యాబ్ పిల్లలకు ఎప్పుడూ గిరాకీయే, ఇళ్లు దొరక్కపోవడం ఉండదు.

మేడమీద మల్లి (హైదరాబాద్):
శీను అన్నా, స్వీడన్ సంగతి ఒప్పుకుంటాను. కానీ అక్కడ ప్రహరీ బయట తోడు కోసం కాచుకుని కూర్చునే వీధి మగకుక్కలు ఉండవు. మన దగ్గర భాద్రపదం వచ్చిందంటే తెలుసు కదా. పాలవాడొచ్చాడని గేటు తీస్తే చాలు. పనమ్మాయి, కొరియర్ అబ్బాయి, బంతి కోసం పరిగెత్తే పిల్లలు, ఇంతమంది వచ్చిపోయే ఇంట్లో మూడు వారాలపాటు ఏ క్షణంలోనూ తలుపు తెరిచి ఉండకూడదంటే చెప్పినంత తేలిక కాదు. అదీ ఒక్కసారితో పోదు, ఆరేడు నెలలకోసారి, పదేళ్లకు పైగా.

ఇళ్లు దొరుకుతాయన్నారు. నేను వదిలేసిన కుక్కలను కొన్నాళ్లు ఇంట్లో ఉంచుకుని, దత్తతకు ఇచ్చే పని చేస్తాను. ల్యాబ్ ఒక ఈతలో ఏడెనిమిది పిల్లలను పెట్టడం మామూలే. నలభై రోజుల పిల్ల బొద్దుగా, ముద్దుగా ఉన్నప్పుడు అందరూ తీసుకెళ్తారు. ముందు మగవాటిని ఏరుకుంటారు, చివరికి ఆడవి మిగులుతాయి. అసలు కష్టం ఏడెనిమిది నెలలకు మొదలవుతుంది. చెప్పులు కొరుకుతుంది, పాతిక కిలోలు తూగుతుంది, అద్దె ఇంటి ఓనర్ ఒప్పుకోడు, ఇంట్లో ఇంకొకరికి బిడ్డ పుడతాడు. అప్పుడు ఫోన్లు వస్తాయి. మెడకు బెల్టు ఉండగానే ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర తిరుగుతున్న ల్యాబ్‌ను నేను ఎక్కించుకొచ్చాను. దాని పొట్ట కింద చనులు వేలాడుతున్నాయి, అంటే ఈమధ్యే ఈనింది. పిల్లలు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. దాన్ని కొన్నవాళ్లు కూడా ఒకప్పుడు మంచి ఇల్లే అనిపించుకుని ఉంటారు.

గోదారిగట్టు గారూ, పక్క వీధివాళ్లకు ఒక పిల్ల సరే. మిగతా ఆరేడు ఎవరికో ఇప్పుడే కాగితం మీద రాసుకోండి. వాళ్లు వద్దంటే వెనక్కి తీసుకోవడానికి మీ ఇంట్లో చోటుందా? అది తేలాకే అత్తగారితో మాట్లాడండి.

పశువుల డాక్టరు (కృష్ణా జిల్లా):
ముందు మన పెద్దలు చెప్పే మాటకు జవాబు. ఒక్కసారి ఈనితే ఆడకుక్క ఆరోగ్యానికి మేలు జరుగుతుందని వైద్యంలో ఆధారం లేదు. తల్లి కాలేకపోయానని బెంగ పెట్టుకోవడం మనుషుల్లో ఉంటుంది. కుక్క ఎదకు వస్తే తోడు వెతుకుతుంది, ఎద తగ్గితే ఆ ధ్యాసే ఉండదు.

ఆపరేషన్ ఎందుకంటే నేను మొదట చెప్పేది పయోమెట్రా గురించి. గర్భసంచిలో చీము పట్టడం. ఎద తగ్గిన నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో వస్తుంది, ఎక్కువగా నడివయసు దాటినవాటికి. స్వీడన్ ప్రస్తావన వచ్చింది కాబట్టి చెబుతున్నాను, అక్కడ ఆపరేషన్లు తక్కువ కాబట్టే ఈ లెక్క స్పష్టంగా తేలింది: బీమా రికార్డులు చూస్తే పదేళ్ల వయసు వచ్చేసరికి ఆడకుక్కల్లో దాదాపు నాలుగో వంతుకు పయోమెట్రా వచ్చింది. ఇంట్లోవాళ్లు పట్టుకోలేరు. కుక్క నీళ్లు ఎక్కువగా తాగుతుంది, తిండి మానేస్తుంది, వెనక భాగం పదేపదే నాకుతుంది. ఎండలకు నీరసం అనుకుంటారు. గర్భసంచి ముఖద్వారం మూసుకుపోతే చీము బయటికి కూడా రాదు, కడుపు ఉబ్బుతుంది అంతే. అలాంటిదాన్ని బల్ల మీద తెరిస్తే, మామూలుగా పెన్సిలంత ఉండాల్సిన గర్భసంచి కొమ్ములు గాలి నింపిన సైకిల్ ట్యూబులా ఉంటాయి. చేయి జారి చిట్లితే చీమంతా కడుపులోకే. పదకొండేళ్ల కుక్కకు, కిడ్నీలు దెబ్బతింటూ ఉండగా, అర్ధరాత్రి మత్తు ఇచ్చి చేసే ఆపరేషనది. ఏడాదిన్నర వయసులో, ఖాళీ కడుపుతో, రక్తపరీక్ష చూసుకుని చేసేదానికీ దీనికీ పోలికే లేదు.

రొమ్ము గడ్డల గురించి ఒక లెక్క అందరూ చెబుతారు. ఆపరేషన్ కానివాటికి ఉండే ముప్పును నూరు అనుకుంటే, మొదటి ఎదకు ముందే చేయించినవాటికి 0.5, ఒక ఎద తర్వాత 8, రెండో ఎద తర్వాత 26. అది 1969 నాటి అధ్యయనం. 2012లో అన్ని అధ్యయనాలనూ కలిపి పరిశీలించినవాళ్లు ఆధారాలు అంత బలంగా లేవన్నారు. కాబట్టి ఆ అంకెలతో ఎవరినీ భయపెట్టను. పయోమెట్రా ఒక్కటే నాకు చాలు.

వయసు సంగతి. ఇక్కడ శీను గారి జాగ్రత్తలో నిజం ఉంది. 2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్ వాళ్లు 759 గోల్డెన్ రిట్రీవర్ల రికార్డులు పరిశీలించారు. ఏడాది నిండకముందే ఆపరేషన్ అయిన మగవాటిలో తుంటి కీలు జబ్బు, ఆపరేషన్ కానివాటితో పోలిస్తే రెట్టింపు కనిపించింది. ల్యాబ్‌లలో ఆ ప్రభావం తక్కువ. పామరేనియన్, షిట్జూ లాంటి చిన్న జాతుల్లో కీళ్ల ఇబ్బంది పెరిగినట్టు కనిపించలేదు. అందుకే పెద్ద జాతులకు ఎముక ఎదుగుదల అయ్యేదాకా, ఏడాది పైబడే దాకా ఆగమంటాను. మీ కుక్కకు ఆ వయసు వచ్చింది. ఎద తగ్గిన రెండు మూడు నెలల తర్వాత చేయించండి. ఎదలో ఉన్నప్పుడు రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి, రక్తం ఎక్కువ పోతుంది.

ఆపరేషన్ వద్దనుకునేవాళ్లు చాలామంది "ఎద రాకుండా ఇంజెక్షన్ వేయండి" అని వస్తారు. దయచేసి ఆ దారిలో వెళ్లకండి. ఆ హార్మోను సూదులు పయోమెట్రాకూ రొమ్ము గడ్డలకూ దారి తీస్తాయి. నేను వేయను.

ఓరుగల్లు శీను:
డాక్టర్ గారూ, ఆడకుక్క విషయంలో మీరు చెప్పింది ఆలోచించాల్సిందే. మగకుక్క మాటేమిటి? దానికి గర్భసంచి లేదు, చీము లేదు. "కోపం తగ్గుతుంది" అని మా వీధిలో ఒకాయన తన జర్మన్ షెపర్డ్‌కు చేయించాడు. అది ఇప్పటికీ స్కూటర్ల వెంట పడుతూనే ఉంది.

పశువుల డాక్టరు:
పడుతుంది. ఇంట్లోంచి పారిపోవడం, ఎక్కడపడితే అక్కడ కాలెత్తడం, ఎద వాసనకు మగవాటితో కొట్లాడటం ఆపరేషన్‌తో తగ్గుతాయి. స్కూటర్ల వెంట పడటం, భయంతో కరవడం హార్మోన్ల పని కాదు. భయస్తుడైన కుక్కకు చేస్తే ఒక్కోసారి భయం పెరుగుతుంది కూడా. దానికి శిక్షణ కావాలి. కోపానికి మందని చెప్పి ఈ ఆపరేషన్ చేయించకూడదు, నేను మీతోనే ఉన్నాను.

కానీ బయట తిరిగే మగకుక్క అయితే మాట వేరు. మన దగ్గర టీవీటీ అని ఒక గడ్డ జబ్బు బాగా ఉంది, సంభోగంతో ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకునే క్యాన్సర్. మూత్రంలో రక్తం చుక్కలు పడుతున్నాయని తీసుకొస్తారు, చూస్తే మర్మాంగం మీద క్యాలీఫ్లవర్ లాంటి గడ్డ. విన్‌క్రిస్టిన్ అనే ఇంజెక్షన్ వారానికోసారి కొన్ని వారాలు వేస్తే చాలావరకు నయమవుతుంది, కానీ ఆ వారాలు కుక్కకూ ఇంట్లోవాళ్లకూ టెన్షనే. పల్లెల్లో రాత్రిపూట గొలుసు విప్పే అలవాటున్న ఇళ్లలో మగదానికి కూడా చేయించమనే చెబుతాను. గొలుసు వదలని ఇల్లయితే, మగదాని విషయంలో తొందరేమీ లేదు.

ఎర్రమట్టిదారి (అనంతపురం):
వీధుల్లో ఇన్ని కుక్కలుంటే ఇంట్లో ఉన్న ఒక్కదాని గురించి ఇంత చర్చ ఎందుకో నాకర్థం కాలేదు. మా కాలనీలో సాయంత్రమైతే పిల్లలను ట్యూషన్‌కు పంపాలంటే భయం. ముందు మున్సిపాలిటీ వాళ్లు వాటికి చేయాలి.

మేడమీద మల్లి:
చేయాలి, తప్పకుండా చేయాలి. కేంద్రం 2001లో పెట్టిన ఏబీసీ (జంతు జనన నియంత్రణ) నిబంధనల స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి. వీధికుక్కలకు ఆపరేషన్, రేబిస్ టీకా బాధ్యత స్థానిక సంస్థలదే. చెవి కొసన చిన్న గాటు కనిపిస్తే ఆపరేషన్ అయినట్టు. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా రేబిస్ ఉన్నవీ, మీదపడి కరిచేవీ తప్ప మిగతావాటిని ఆపరేషన్, టీకా తర్వాత పట్టిన చోటే వదలమంది. నవంబరులో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల లాంటి చోట్ల పట్టినవాటిని తిరిగి అక్కడ వదలొద్దని ఆదేశించింది. మీ భయం న్యాయమైనదే, కోర్టు కూడా దాన్ని కాదనలేదు.

కానీ అవే నిబంధనలు పెంపుడు కుక్క టీకా, ఆపరేషన్ బాధ్యత యజమానిదని కూడా చెబుతున్నాయి. మీ కాలనీ కుక్కల గుంపులో ఒకసారి చూడండి, బొచ్చు ఎక్కువగా, చెవులు వేలాడుతూ ఒకటైనా ఉంటుంది. దాని తల్లో తండ్రో ఏదో ఇంటి గేటులోంచి వచ్చిందే. మున్సిపాలిటీ వ్యాను ఒక వైపు పట్టుకెళ్తుంటే మన ఇళ్లలోంచి ఇంకోవైపు వదులుతుంటే ఆ లెక్క ఎప్పటికి తెగుతుంది?

కొనేవాళ్లకూ ఒక మాట. 2017 నిబంధనల ప్రకారం అమ్మకానికి పిల్లలను పుట్టించేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ కావాలి. తల్లికి 18 నెలలు నిండాలి, ఎనిమిది వారాల లోపు పిల్లను అమ్మకూడదు. నలభై రోజుల పిల్లను అట్టపెట్టెలో పెట్టి తెచ్చిచ్చేవాడి దగ్గర కొనకండి.

మావిడితోట (డాలస్):
ఇక్కడ షెల్టర్ నుంచి కుక్కను తెచ్చుకుంటే చాలాచోట్ల ఆపరేషన్ చేసే చేతికిస్తారు, రెండు నెలల పిల్లకైనా సరే. మాకు ఇచ్చినప్పుడు దాని పొట్ట మీద కుట్ల గుర్తు చూసి మా ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. డాక్టర్ గారూ, అంత చిన్నప్పుడు చేయడం తప్పా?

పశువుల డాక్టరు:
షెల్టర్ వాళ్లకు మీరు ఆరు నెలల తర్వాత తిరిగొస్తారన్న నమ్మకం లేదు. ఒక్క కుక్కకు కలిగే చిన్న ముప్పుకంటే ఇంకో పది పిల్లలు షెల్టర్‌కు చేరడం వాళ్లకు పెద్ద బాధ. వాళ్ల చోట అది సరైనదే. మన ఇంట్లో కుక్కను రోజూ చూసుకునేవాళ్లం, ఏడాది దాకా ఆగగలం కాబట్టి ఆగమంటున్నాను. మీ కుక్కను బరువు పెరగకుండా చూసుకోండి, కీళ్లకు అదే పెద్ద రక్ష.

పిల్లులున్నవాళ్లు మాత్రం ఏడాది దాకా ఆగకండి. ఆడపిల్లి నాలుగైదు నెలలకే ఎదకు రావచ్చు. పాలిస్తుండగానే మళ్లీ చూలు నిలుస్తుంది. పిల్లికి ఐదు నెలల లోపే చేయించడం మంచిది.

గోదారిగట్టు:
మల్లి గారు చెప్పినట్టు కాగితం మీద రాశాం. నాలుగు పేర్లు వచ్చాయి. ఫోన్ చేస్తే ఇద్దరు "మగదైతే తీసుకుంటాం" అన్నారు, ఒకాయన అపార్ట్‌మెంట్‌కు మారుతున్నాడట. ఆ కాగితం మా అత్తగారే చూసి, "పుట్టించి వీధిన పడేస్తే తగిలే ఉసురు ఇంకా పెద్దది" అన్నారు. క్రాసింగ్ వద్దని పక్క వీధివాళ్లకు చెప్పేశాం. మా అత్తగారి ఒక్క షరతు, ఆపరేషన్ తర్వాత దానికి నొప్పి తెలియకూడదు. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

పశువుల డాక్టరు:
ముందురోజు రాత్రి నుంచి తిండి పెట్టొద్దు, నీళ్లు ఎప్పుడు ఆపాలో మీ డాక్టర్ చెబుతారు. నొప్పి మాత్రలు ఇంటికి ఎన్ని రోజులకు ఇస్తారో ముందే అడగండి. ఇవ్వం అంటే ఇంకో డాక్టర్‌ను చూసుకోండి. మనుషుల పారాసెటమాల్, బ్రూఫెన్ సొంతంగా వేయొద్దు. కుట్లు నాకకుండా మెడకు కోన్ (గరాటు లాంటి పట్టీ) పెట్టండి. జాలిపడి ఒక పూట తీసేసినా కుట్లు ఊడదీసుకుంటుంది. పది నుంచి పద్నాలుగు రోజులు స్నానం, మెట్లు ఎక్కడం, దూకడం వద్దు. కుట్ల దగ్గర కొద్దిగా ఎరుపు మామూలే, తడి గానీ వాసన గానీ వస్తే వెంటనే చూపించండి.

పెద్ద జాతి ఆడకుక్కల్లో కొన్నింటికి తర్వాతెప్పుడో నిద్రలో మూత్రం కారే ఇబ్బంది రావచ్చు. మందులతో అదుపులో ఉంటుంది, తిట్టకండి. తిండి మాత్రం ఇప్పుడు పెట్టేదాంట్లో ఐదో వంతు తగ్గించి, నెలకోసారి బరువు చూడండి. పెరుగన్నం మానేయక్కర్లేదని అత్తగారికి చెప్పండి, ముద్ద చిన్నది చేస్తే చాలు.

ఓరుగల్లు శీను:
గోదారిగట్టు గారూ, ఇల్లంతా ఒక మాట మీదికి వచ్చారు, సంతోషం. మగకుక్క విషయంలో నా మాట నాదే, మావాడికి చేయించను, గొలుసూ వదలను. మా చెల్లెలి దగ్గర తొమ్మిదేళ్ల ఆడ పామరేనియన్ ఉంది, ఆపరేషన్ కాలేదు. రెండు రోజులుగా గిన్నెడు నీళ్లు గటగటా తాగుతోందని నిన్న ఫోన్లో అంది. డాక్టర్ గారూ, ఇది మీరు చెప్పినదేనా?

పశువుల డాక్టరు:
చూడకుండా చెప్పలేను, షుగర్ కావచ్చు, కిడ్నీ కావచ్చు. ఎద ఎప్పుడు తగ్గిందో అడగండి. నెలా రెండు నెలలే అయి ఉంటే ఈరోజే తీసుకెళ్లి కడుపు స్కాన్, రక్తపరీక్ష చేయించమనండి. రేపటిదాకా ఆగొద్దు.