అన్నం తగ్గిస్తే కడుపు నిండట్లేదు, కూర ఎక్కువ తింటే ఉప్పూకారం ఎక్కువవుతోంది. ఎలా సర్దుకోవాలి?

సీతాఫలం04

నమస్తే అండీ. ఇంట్లో నలుగురం. మేమిద్దరం, ఇంటర్ చదివే బాబు, డెబ్భై దాటిన మా అత్తయ్యగారు. మావారికి షుగర్ పరీక్షలో హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెర) 6.8 వచ్చింది, మాత్రలు మొదలుపెట్టారు. "అన్నం తగ్గించి కూరలు ఎక్కువ తినండి" అని డాక్టరుగారు చెప్పారు. వంట ఎప్పటిలాగే వండి, అన్నం మాత్రం తగ్గించి పెడుతున్నాను. దాంతో కూర వట్టిగా తింటే ఉప్పగా, కారంగా ఉంటోంది. రాత్రి పదయ్యేసరికి ఆకలేసి బిస్కెట్లు, మురుకులు బయటికొస్తున్నాయి.

మా నెల సరుకులు: బియ్యం 30 కిలోలు, ఇడ్లీరవ్వ, గోధుమపిండి, బొంబాయిరవ్వ కలిపి 8 కిలోలు, పప్పులన్నీ కలిపి 4 కిలోలు, నూనె 5 లీటర్లు. కూరగాయలు వారానికి 4 కిలోలు. ఇందులో ఎక్కడ మార్చాలి? బియ్యం బదులు కొర్రలు వాడితే సరిపోతుందా?

కొలతగిన్నె

లెక్క ఇచ్చి మంచిపని చేశారు. మార్పు కంచంలో కాదు, సరుకుల చీటీలో మొదలవ్వాలి. ఇంట్లో 30 కిలోల బియ్యం, వారానికి 4 కిలోల కూరగాయలే ఉంటే ఎంత పట్టుదలగా కూర్చున్నా కంచంలో అదే నిష్పత్తి పడుతుంది.

మీ అంకెల్ని నలుగురికీ, 30 రోజులకీ పంచితే మనిషికి రోజుకు బియ్యం, రవ్వ, పిండి కలిపి 317 గ్రాములు, పప్పు 33 గ్రాములు, నూనె 38 గ్రాములు, కూరగాయలు 140 గ్రాముల చిల్లర. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2,000 కేలరీల భోజనానికి చెప్పింది ఇదీ: ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు లేదా గుడ్డు, మాంసం 85 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400 గ్రాములు, పండ్లు 100, గింజలు 35, నూనె నెయ్యి కలిపి 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మి.లీ. ఇవన్నీ వండకముందు తూకాలు. ధాన్యాల నుంచి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతం దాటకూడదని కూడా అందులోనే ఉంది. మనిషికి 2,000 కేలరీలు అనుకుంటే మీ ఇంట్లో అది 55 శాతం దగ్గర ఉంది.

చూశారా, ధాన్యం కొంత ఎక్కువే. కానీ అసలు లోటు కూరగాయల్లో, పప్పులో. అక్కడ పెంచకుండా అన్నం ఒక్కటే కోస్తున్నారు కాబట్టే పదింటికి ఆకలి.

వచ్చే నెల చీటీ ఇలా రాయండి. బియ్యం 22 కిలోలు (మిగతా 8 కిలోల రవ్వ, పిండి అలాగే ఉంచండి). పప్పులు, పెసలు, సెనగలు, అలసందలు అన్నీ కలిపి 7 కిలోలు, ఆ పైన గుడ్లు, చేప, కోడి తింటే అవి. నూనె, నెయ్యి కలిపి మూడున్నర లీటర్లు. లీటరు నూనె ప్యాకెట్ తూకం 910 గ్రాములే, అందుకని కిలో అనుకుని లెక్కేయకండి. కూరగాయలు వారానికి 11 కిలోలు. ఈ అంకె చూసి చాలామంది బెదిరిపోతారు, కానీ సొరకాయ ఒక్కటే కిలోన్నర తూగుతుంది. తొక్కలు, తొడిమెలు పోగా తినేది అంతకంటే తక్కువే.

అన్నం కొలతకు రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు వాడండి. అందులో సుమారు 150 గ్రాముల బియ్యం పడతాయి. నలుగురికీ పూటకు రెండున్నర కప్పులు, అంటే తలా 90 గ్రాముల చిల్లర బియ్యం. ఉడికాక రెండున్నర నుంచి మూడు రెట్లవుతుంది. మిగిలితే పారేయాలి కదా అని ఎవరో ఒకరు తినేస్తారు, కాబట్టి అసలు వండడంలోనే తగ్గించాలి.

మూకుడు_మూత

పైవారి లెక్క బాగుంది. ఉప్పు సంగతి నేను చెప్తాను, ఎందుకంటే ఎక్కువమంది ఆగిపోయేది అక్కడే.

మన కూర, వేపుడు, పులుసు, పచ్చడి అన్నీ అన్నంలో కలుపుకుంటే సరిపోయేలా వండుతాం. రెండు ముద్దల కూరకి ఆరు ముద్దల అన్నం అన్న లెక్కలో ఉప్పు, కారం, పులుపు పడతాయి. ఆ కూరనే గిన్నెడు తినమంటే ఎవరి వల్లా కాదు, తినకూడదు కూడా. ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే సుమారు ఒక టీ చెంచా దాటకూడదు. మీ నలుగురికీ నెలకు 600 గ్రాములు. కిలో ప్యాకెట్ నెలకు ఖాళీ అవుతుంటే అక్కడే తెలిసిపోతుంది. ఆవకాయ ఉప్పు దీనికి అదనం. దాని తూకంలో పదో వంతు పైనే ఉప్పు ఉంటుంది.

కాబట్టి ఇంట్లో కూరల్ని రెండు రకాలుగా విడదీయండి. గిన్నెతో తినేవి, వేలితో నంజుకునేవి. పొట్లకాయ, బీరకాయ, సొరకాయ, క్యాబేజీ, బీన్స్, గోరుచిక్కుడు, తోటకూర మొదటి రకం. వేపుళ్లు, గుత్తివంకాయ, పులుసు, పచ్చళ్లు, పొడులు రెండోది. రోజూ మధ్యాహ్నం మొదటి రకం ఒకటి కచ్చితంగా ఉండాలి, రెండోది ఉంటే ఉండొచ్చు.

మొదటి రకం వండే పద్ధతి: కిలో కూరగాయకు నూనె 4 టీ చెంచాలు, ఉప్పు ఒక్క టీ చెంచా. అరకిలోకి చెంచా వేసే అలవాటు ఉంటుంది, కిలో అయ్యింది కదా అని చెయ్యి రెండో చెంచాకి వెళ్తుంది. వెళ్లనివ్వకండి. ఒక గుప్పెడు పెసరపప్పు అరగంట నానబెట్టి అందులోనే వేస్తే కూరకి ఒళ్లు వస్తుంది, ఆకలీ ఆగుతుంది. చప్పగా ఉందన్న మాట రాకుండా పోపులో మినప్పప్పు, అల్లం, కరివేపాకు దండిగా వేసి, దించాక నిమ్మరసం పిండండి. పులుపు తగిలితే ఉప్పు తక్కువన్న సంగతి నాలుక్కి అంతగా తెలియదు. వేయించిన నువ్వుల పొడి ఉప్పు లేకుండా కొట్టి పెట్టుకుంటే రెండు చెంచాలు పైన చల్లొచ్చు.

తప్పు జరిగే చోట్లు:

ఆకుకూరకి ముందే ఉప్పు వేయకండి. మూకుడు నిండా ఉన్న తోటకూరని చూసి వేస్తే, అది మగ్గి పిడికెడయ్యాక ఉప్పు కషాయమే. నీరు ఇగిరాకే వేయాలి.

వంకాయ స్పంజిలాంటిది, లోపల గాలి గదులుంటాయి, పోసిన నూనెంతా పీల్చేస్తుంది. ముక్కల్ని ముందు 5 నిమిషాలు ఆవిరి పట్టిస్తే ఆ గదులు కుంగిపోతాయి, తర్వాత సగం నూనెతో అయిపోతుంది. దొండకాయని నిలువుగా చీరి ఏడెనిమిది నిమిషాలు ఆవిరి పట్టి, ఆ తర్వాత ఇనుప మూకుట్లో వేపండి.

బెండకాయకి మాత్రం ఆవిరి పనికిరాదు, జిగురు పట్టుకుంటుంది. కడిగి, గుడ్డతో తడి లేకుండా తుడిచి, ఆ తర్వాతే కోయాలి. మూత పెట్టకుండా వేపి, చివర్లో ఉప్పు వేయాలి.

వడ్డించే వరస కూడా మార్చండి. ముందు కంచంలో కూర, పప్పు పెట్టండి. సగం కూర వట్టిగా తిన్నాక అన్నం. పీచు, మాంసకృత్తులు ముందు లోపలికి వెళ్తే తర్వాత తిన్న అన్నం నుంచి చక్కెర రక్తంలోకి నెమ్మదిగా వస్తుంది. కలుపుకుని తినే అలవాటు ఉన్నవాళ్లకు మొదట్లో ఇది చిరాగ్గా ఉంటుంది.

ఇంకొకటి, పప్పుచారుని పప్పు లెక్కలో వేసుకోవద్దు. నలుగురి పప్పుచారులో పడేది 50 గ్రాముల కందిపప్పు. పాలకూరపప్పు చేసినప్పుడు 150 గ్రాముల పప్పుకి అరకిలో ఆకు వేసి గట్టిగా వండితే అప్పుడు అది లెక్కకొస్తుంది.

జొన్నకంకి

కొర్రల గురించి అడిగిన్రు కదా. కొర్రలు, సామలు, అరికెలు, ఊదలు, ఏవైనా సరే కేలరీల్లో బియ్యానికి పెద్ద తేడా ఉండదు. 100 గ్రాములకు అటూఇటూ 330, 350. లాభం పీచులో ఉంది. అది కూడా పైపొర మిగిలిన గింజలో. దుకాణంలో తెల్లగా మెరిసే కొర్రలు బాగా పాలిష్ పట్టినవి. లేత పసుపు రంగులో, కాస్త గరుకుగా ఉన్నవి చూసి కొనండి. కనీసం 3 గంటలు నానబెట్టి, ఒకటికి రెండున్నర నీళ్లు పోసి వండాలి. నానబెట్టకపోతే బయట మెత్తగా, లోపల పలుకుగా ఉండి కడుపు ఉబ్బరం తెస్తుంది. "చిరుధాన్యమే కదా" అని రెండింతలు తింటే షుగర్ మీటర్ నిజం చెప్తది.

రాగిజావ మీద ఇంకో మాట. రాగుల్లో కాల్షియం 100 గ్రాములకు 340 మి.గ్రా. పైనే, అందులో ఎదురులేదు. కానీ మెత్తటి పిండిని నీళ్లలో పలచగా కాచి తాగితే నమలడమే ఉండదు, చక్కెర తొందరగా పెరుగుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు గట్టి సంగటి, పక్కన ఆకుకూర పప్పు నయం.

రాత్రిపూట జొన్నరొట్టె చేసుకోండి. మనిషికి 80 గ్రాముల పిండి, రెండు రొట్టెలు. జొన్నలో గోధుమలాంటి సాగే గుణం లేదు కాబట్టి నీళ్లు మసలుతుండగా పిండిలో పోయాలి. కప్పు పిండికి ముప్పావు కప్పు నీళ్లతో మొదలుపెట్టి గరిటెతో కలిపి, 5 నిమిషాలు మూతపెట్టి, చెయ్యి పట్టేంత వేడి ఉండగానే బాగా పిసకండి. అంచులు పగులుతున్నాయంటే నీళ్లు చల్లారినయన్నా కావాలి, పిండి పాతదన్నా కావాలి. నెల కింద పట్టించిన పిండికి జిగురు ఉండదు, కొంచెం కొంచెమే పట్టించుకోండి. పెనం మీద వేశాక పైన తడిచేత్తో నీళ్లు అద్ది, ఆరుతుండగా తిప్పాలి.

"రాత్రి చపాతీ తింటున్నా, సన్నబడతా" అనేవాళ్లకు కూడా ఇదే జవాబు. మూడు చపాతీలంటే 90 గ్రాముల పిండి, అంటే ఆ పూట బియ్యంతో సమానం. పీచు కాస్త ఎక్కువ, అంతే. పైన నూనె, పక్కన ఆలూ కుర్మా ఉంటే అన్నమే మేలు.

సీతాఫలం04

చాలా వివరంగా చెప్పారు, అందరికీ ధన్యవాదాలు. రెండు సందేహాలు. పొద్దున ఇడ్లీ మానాలా? అత్తయ్యగారు రాత్రి పెరుగన్నం లేకుండా పడుకోరు, ఆవిడకి కూడా తగ్గించాలా? మావారికి ఇచ్చినవి మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్.

కొలతగిన్నె

మందుల సంగతి ముందు చెప్పాలి. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు అన్నం ఒక్కసారిగా కోసేస్తే చక్కెర మరీ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ వస్తే మూడు టీ చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకి మళ్లీ పరీక్ష చేయాలి. కాబట్టి మార్పు మొదలుపెట్టే ముందే డాక్టరుగారికి చెప్పి మోతాదు మాట్లాడుకోండి. కిడ్నీ సమస్య ఉంటే పప్పు పెంచడం కూడా అడిగాకే. "తక్కువ సోడియం ఉప్పు" పేరుతో అమ్మేదాంట్లో పొటాషియం ఉంటుంది, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, బీపీకి టెల్మిసార్టాన్ రకం మాత్రలు వేసుకునేవాళ్లు అడక్కుండా వాడకూడదు.

అత్తయ్యగారి పెరుగన్నం జోలికి వెళ్లకండి. ఆ వయసులో తిండి తగ్గితే కండ తగ్గుతుంది. కిలో బరువుకి 0.83 గ్రాముల మాంసకృత్తులు కనీసం అందాలి. 55 కిలోలుంటే 46 గ్రాములు. అన్నం కాస్త తక్కువ, పెరుగు కాస్త ఎక్కువ, పొద్దున ఒక గుడ్డు లేదా మెత్తటి పెసరపప్పు కట్టు. ఆవకాయ బదులు దానిమ్మ గింజలో, తురిమిన క్యారెట్టో.

మూకుడు_మూత

ఇడ్లీ మానక్కర్లేదు, వారంలో మూడు రోజులు పెసరట్టుకి ఇచ్చేయండి. మనిషికి 50 గ్రాముల పెసలు, రెండు అట్లు, 11, 12 గ్రాముల మాంసకృత్తులు. ఆరు గంటలు నానబెట్టి, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి కాస్త బరకగా రుబ్బండి. కరకరలాడాలంటే నలుగురి పిండికి రెండు చెంచాల బియ్యం చాలు. దీన్ని పులియబెట్టరు. బయట వదిలేస్తే పుల్లబడి వాసనొస్తుంది. పెనం మరీ కాలితే పిండి గరిటెకి చుట్టుకుని ఊడొస్తుంది, నీళ్లు చిలకరించి తుడిచి అప్పుడు వేయండి. లోపల ఉప్మా పెట్టారంటే మాత్రం తగ్గించిన ధాన్యమంతా తిరిగొచ్చినట్టే, ఎంత రుచైనా సరే.

పప్పులు, సెనగలు ఒకేసారి పెంచకండి, గ్యాసుతో అందరూ మీ మీద పడతారు. మూడు వారాల్లో మెల్లగా పెంచండి. సెనగలు, అలసందలు రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోసి, ఇంగువ వేసి ఉడికించండి. సాయంత్రం ఐదున్నరకి గుప్పెడు ఉడికించిన సెనగలు పెడితే రాత్రి పది గంటల ఆకలి చాలావరకు పోతుంది. టీ మాత్రం దానికి గంట ఎడంగా తాగండి, లేకపోతే సెనగల్లోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు.

జొన్నకంకి

వారానికి 11 కిలోలు ఒకేసారి తెచ్చి ఫ్రిజ్‌లో కుక్కితే సగం కుళ్లుతది. రెండుసార్లు తెచ్చుకోండి. ఆకుకూరలు కడగకుండా, వేర్లు కోసి, పొడి నూలుగుడ్డలో చుట్టిపెట్టి మొదటి మూడు రోజుల్లో వండేయండి. బీర, బెండ ఆ తర్వాత. సొరకాయ, గుమ్మడికాయ, క్యాబేజీ వారం చివరికి.