సైకిల్ మీటర్ దూరం ఎక్కువ చూపిస్తోంది, అయస్కాంతం జరపాలా?

మణికొండ రైడర్:
మా అబ్బాయి పై చదువులకు వెళ్తూ తన ఎంటీబీ (కొండదారుల్లో తొక్కే సైకిల్) అమ్మేశాడు, మీటర్ మాత్రం నాకిచ్చాడు. వైరున్న మామూలు మీటరే. నా హైబ్రిడ్ సైకిల్‌కు బిగించుకుని నాలుగు నెలలుగా తొక్కుతున్నాను.

మొన్న ఆదివారం హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పున్న ట్రాక్ మీద నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వరకు వెళ్లాను. ఆ ట్రాక్ 8.5 కిలోమీటర్లు. నా మీటర్లో 9.02 పడింది! పక్కన వచ్చినాయన ఫోన్‌లో 8.5.

అప్పట్నుంచి మనసు మనసులో లేదు. సంక్రాంతికి ముందు ఇదే మీటర్ చూసుకుని మొదటిసారి 100 కొట్టాను. 100.3 పడగానే రోడ్డు పక్కన ఆగి ఇంటికి ఫోన్ చేశాను. 51 ఏళ్ల వయసులో అది నాకు చిన్న విషయం కాదు. స్పోక్ మీద అయస్కాంతం కాస్త పైకి జరిపితే సరిపోతుందా?

సైనిక్‌పురి సైకిల్:
అన్నా, అయస్కాంతాన్ని ముట్టుకోకండి. స్పోక్ మీద అది ఎక్కడున్నా, చక్రం ఒక చుట్టు తిరిగితే సెన్సర్ ముందు నుంచి ఒక్కసారే పోతుంది. ఆ చుట్టుకు ఎంత దూరం కలపాలో మీటర్‌కు చెప్పేది మనం పెట్టిన అంకె. మీ అబ్బాయిది 29 అంగుళాల బండి అయ్యుంటుంది. 29×2.1 టైరుకు మీటర్‌తో వచ్చే టైరు సైజుల పట్టికలో 2288 మిల్లీమీటర్లు ఉంటుంది. మీ టైరు పక్కన 32-622 అని ఉందా? ఉంటే అది 700×32, దానికి 2155. చుట్టుకు 133 మిల్లీమీటర్లు తేడా. కిలోమీటరుకు చక్రం 464 చుట్లు తిరుగుతుంది కాబట్టి 62 మీటర్లు ఎక్కువ పడుతున్నాయి. మీ 9.02 లెక్క అక్కడికి సరిగ్గా సరిపోయింది.

తార్నాక నుంచి:
సర్, పట్టిక కన్నా టేప్‌తో కొలిచిన అంకెనే నమ్మండి. గాలి ఎప్పుడూ పెట్టేంత పెట్టి, సెల్లార్ గచ్చు మీద సెన్సర్ ఉన్న చక్రం వాల్వ్ సరిగ్గా కిందికి వచ్చేలా నిలిపి సుద్దతో గీత గీయండి. సీటు మీద కూర్చునే ముందుకు పోనివ్వండి. మన బరువుకు టైరు కాస్త నొక్కుకుంటుంది, ఉత్త సైకిల్ నడిపిస్తే ఆ తేడా తెలియదు. వంకర పోకుండా మూడు చుట్లు, వాల్వ్ మళ్లీ కిందికి రాగానే ఇంకో గీత. వచ్చినదాన్ని మూడుతో భాగించండి. అంకె మార్చే ముందు ఓడో (ఇప్పటిదాకా తొక్కిన మొత్తం దూరం) ఫోటో తీసుకోండి, కొన్ని మీటర్లలో మొత్తం రీసెట్ కొడితే అదీ పోతుంది.

మణికొండ రైడర్:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. మీటర్లో ఉన్నది 2288నే, టైరు 32-622నే. పొద్దున మా ఆవిడ టేప్ కొస పట్టుకుంది. 5 మీటర్ల టేప్ చాలక మధ్యలో ఇంకో గీత పెట్టుకున్నాం. మూడు చుట్లకు 6444 వచ్చింది, అంటే 2148. అది పెట్టుకుని సాయంత్రం మళ్లీ అదే ట్రాక్‌కు వెళ్లాను, 8.47 చూపింది.

ఆ రోజు తొక్కింది 94 మాత్రమేనని లెక్క తేలింది. బాధేసింది, ఇంట్లో చెప్పేశాను. వచ్చే ఆదివారం తెల్లవారుజామున 4కే బయల్దేరుతున్నా. ట్రాక్ మీద ఆరుసార్లు పోయి వస్తే 101 దాటుతుంది.